పంపినవి నాలుగు, అందినవి నాలుగు

వర్చువల్ రౌటర్‌కూ (అంటే కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌గా నడిచే రౌటర్‌కూ) దాన్ని మోస్తున్న కంప్యూటర్‌కూ మధ్య దూరం కొలవడానికి స్కేలు పనికిరాదు. రెండూ ఒకే ర్యామ్‌లో కాపురం ఉంటాయి. అయినా ఎక్కడో ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి పింగ్ కొడితే, అంటే 'ఉన్నావా' అని కేకేస్తే, చటుక్కున పలుకుతుంది, పక్కనే ఉన్న రౌటర్ మాత్రం ఉలకదు, పలకదు. దీనికి అమీర్‌పేటలో సీసీఎన్‌ఏ (సిస్కో కంపెనీ నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) నేర్చుకునే కుర్రాళ్లంతా ఆ రౌటర్‌నే తిడుతున్నారు. ఇది అన్యాయం. ఇందులో ఎవరి తప్పూ లేదనీ, అందరూ రూల్ ప్రకారమే నడుచుకుంటున్నారనీ, ఇంత క్రమశిక్షణ మన సచివాలయంలో కూడా దొరకదనీ సవినయంగా మనవి చేస్తున్నాను.

సిస్కో వారి వర్చువల్ రౌటర్ సీఎస్‌ఆర్ 1000వీనే తీసుకోండి. నాలుగు జీబీ ర్యామ్ మింగి, తీరిగ్గా బూట్ అయ్యాక ఇంటర్‌ఫేస్ (నెట్‌వర్క్‌లోకి వెళ్లే ద్వారం) సంగతేంటని అడిగితే 'అడ్మినిస్ట్రేటివ్‌లీ డౌన్' అంటుంది. పాడైపోలేదు, కేబుల్ ఊడిపోలేదు. పైనుంచి ఆర్డర్ రాలేదు కాబట్టి తలుపు తీయలేదు, అంతే. ఆ ఆర్డరైనా 'తెరువు' అని ఉంటుందా? 'నో షట్‌డౌన్' అని ఉంటుంది. మూసివేత ఉత్తర్వులు రద్దు చేయడమైనదన్నమాట. ఎవరు రాశారో గానీ, బాగా సర్వీసు ఉన్న మనిషే.

ఈ రౌటర్‌ను కంప్యూటర్‌లో నడిపించే వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ అయితే దాని నెట్‌వర్క్ కార్డును మొదట న్యాట్ అనే పద్ధతిలో కూర్చోబెడుతుంది. లోపలివాడు ప్రపంచమంతా తిరిగి రావచ్చు. కరెంటు బిల్లు కట్టే కంప్యూటర్ మాత్రం లోపలికి రావాలంటే పోర్ట్ ఫార్వర్డింగ్ అనే ప్రత్యేక అనుమతి రాయించుకోవాలి. లోపల దొరికే అడ్రస్ మామూలుగా 10.0.2.15. మీకూ అదే, నాకూ అదే, ఎదురింటివాళ్లకూ అదే. ఇంతటి సమానత్వం ఏ మేనిఫెస్టోలోనూ చూడలేదు. హోస్ట్-ఓన్లీకి, అంటే కంప్యూటర్‌కూ రౌటర్‌కూ మధ్యే నడిచే పద్ధతికి, మారితే కంప్యూటర్ 192.168.56.1 అవుతుంది, రౌటర్‌కు కూడా ఆ 56 వరసలోనే అడ్రస్ ఇచ్చుకోవాలి.

ఇదంతా ఒక ఎత్తు, విండోస్ పింగ్ ఇచ్చే రిపోర్టు ఒక్కటీ ఒక ఎత్తు. రౌటర్ తలుపు మూసుకుని ఉందనుకోండి. దానికిచ్చిన అడ్రస్ 192.168.56.10 ఎవరిదయ్యా అని కంప్యూటర్ ఏఆర్‌పీ అనే వాకబుతో కేకేస్తుంది. ఎవరూ పలకరు. అప్పుడు తన సొంత అడ్రస్ నుంచి తనకే జవాబు ఇచ్చుకుంటుంది: 'రిప్లై ఫ్రమ్ 192.168.56.1: డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్'. ఇలా నాలుగుసార్లు చెప్పి, కింద లెక్క తేలుస్తుంది. పంపినవి 4, అందినవి 4, పోయినవి 0, నష్టం సున్నా శాతం! తన అర్జీ తనే పెట్టుకుని, తనే కొట్టేసి, పరిష్కరించిన అర్జీల ఖాతాలో వేసుకోవడం మామూలు నేర్పు కాదు. 1983లో మైక్ మూస్ పింగ్ రాసింది నెట్‌వర్క్‌లో తేడా ఎక్కడుందో పట్టుకోవడానికి. ఆ తేడాను సున్నా శాతం కింద దాచేయొచ్చని పాపం ఆయనకు తట్టి ఉండదు.

సిస్కోకు ఈ లౌక్యం తెలీదు. ఏఆర్‌పీ ఎంక్వైరీ పూర్తయ్యేలోపు మొదటి పింగ్ పోతే పోయిందని ఒప్పేసుకుంటుంది. ఐదు పింగ్‌లకు ఒక చుక్క (పోయింది), నాలుగు ఆశ్చర్యార్థకాలు (అందాయి), 80 శాతం. కొత్తగా చేరినవాళ్లు ఆ మిగతా 20 శాతం కోసం తెల్లవార్లూ వెతుకుతుంటారు. బాబూ, ఎనభై అంటే డిస్టింక్షన్. పడుకో.

ఇక కంప్యూటర్ అడిగితే రౌటర్ పలుకుతుంది గానీ, రౌటర్ అడిగితే కంప్యూటర్ పలకదు. అడ్డం పడుతున్నది గుమ్మంలో కాపలా కాసే విండోస్ ఫైర్‌వాల్. దీనికి వాట్సాప్ గ్రూపులో ఒకటే వైద్యం: "ఫైర్‌వాల్ మొత్తం ఆపేయ్ బ్రో." మళ్లీ ఆన్ చేయమని ఆ బ్రో ఎప్పుడూ చెప్పడు. నిజానికి పింగ్‌కు పర్మిషన్ ఇచ్చే రూల్ ఒకటి అక్కడే ఉంది. కాకపోతే అది 'ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్' కింద ఉంటుంది. ఫైల్ లేదు, ప్రింటర్ అసలే లేదు, పర్మిషన్ మాత్రం ఆ సెక్షన్‌లోనే ఇస్తారు. ఫలానా సర్టిఫికెట్ ఫలానా కౌంటర్‌లోనే ఎందుకని మనం ఏనాడైనా అడిగామా?

ఇవన్నీ దాటి విజయం సాధించిన కుర్రాళ్లూ ఉన్నారు. నోట్సులో ఉందని రౌటర్‌కు 192.168.1.1 ఇచ్చి పింగ్ కొడతారు. నాలుగుకు నాలుగు జవాబులు, అవీ మిల్లీసెకన్లలో. స్క్రీన్‌షాట్ గ్రూపులో పడుతుంది, కంగ్రాట్స్ వెల్లువెత్తుతాయి. ఇంట్లో వై-ఫై డబ్బా అడ్రస్ కూడా 192.168.1.1 అని ఎవరికీ గుర్తుండదు. 'ఏఆర్‌పీ మైనస్ ఏ' అనే కమాండ్ కొట్టి చూస్తే పలికింది ఎవరో తేలిపోతుంది: వర్చువల్‌బాక్స్‌లో ఉన్న రౌటర్ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబరు) మామూలుగా 08-00-27తో మొదలవ్వాలి. అక్కడ ఇంకేదో ఉంటుంది. సంబంధం లేకపోయినా పిలవగానే పలికినందుకు ఆ వై-ఫై డబ్బాకు గ్రూపు తరఫున ఒక శాలువా అయినా కప్పాలి.