దొంగ నంబర్‌ను మోసుకొచ్చిన కంపెనీ మాటేమిటి?

2016 చివరి మూడు నెలల్లో ఫ్లోరిడాకు చెందిన టెలిమార్కెటర్ ఏడ్రియన్ అబ్రమోవిచ్ 9.6 కోట్ల రోబోకాల్స్ (రికార్డు చేసిన మాటలతో యంత్రం చేసే కాల్స్) చేయించాడని అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ తేల్చింది. ఎవరికి కాల్ వెళ్తే వాళ్ల ఏరియా కోడే, తర్వాతి మూడు అంకెలతో సహా, తెరపై కనిపించేది. ఊళ్లోవాళ్లే అనుకుని ఎత్తితే పేరున్న హోటల్ తరఫున ఆఫర్ అంటూ ‘1’ నొక్కమనేవారు. నొక్కితే లైన్ విదేశీ కాల్ సెంటర్‌కు కలిసేది. అక్కడ అంటగట్టే ప్యాకేజీకీ ఆ హోటల్‌కూ సంబంధమే లేదు.

2018 మేలో అతనికి 12 కోట్ల డాలర్ల జరిమానా వేశారు. అయితే వేయడం వేరు, రాబట్టడం వేరు. 2015 నుంచి రోబోకాలర్లకు విధించిన దాదాపు 20.8 కోట్ల డాలర్ల జరిమానాల్లో ఎఫ్‌సీసీకి వచ్చింది 6,790 డాలర్లేనని 2019లో వాల్ స్ట్రీట్ జర్నల్ బయటపెట్టింది.

లోపం ఎక్కడుంది? 2010 డిసెంబరులో వచ్చిన అమెరికా ట్రూత్ ఇన్ కాలర్ ఐడీ చట్టం ప్రకారం వేరే నంబర్ చూపించడమే నేరం కాదు. మోసగించాలన్న, హాని చేయాలన్న ఉద్దేశం ఉండాలి. ఈ మినహాయింపు సబబే. డాక్టర్ సొంత ఫోన్ నుంచి మాట్లాడుతూ క్లినిక్ నంబర్ చూపిస్తే తప్పేముంది? కానీ కోట్ల కాల్స్ వెళ్లిపోయాక ఒక్కొక్కరి ఉద్దేశాన్ని నిరూపించుకుంటూ కూర్చుంటే బాధితులకు ఒరిగేదేమీ లేదు. అందుకే 2019 నాటి ట్రేస్డ్ చట్టం నాకు అసలైన మలుపుగా కనిపిస్తుంది. కాల్‌కు డిజిటల్ సంతకం పెట్టి, ఆ నంబర్ నిజమైనదో కాదో చెప్పే బాధ్యత టెలికాం కంపెనీలపై పడింది. పెద్ద కంపెనీలకు 2021 జూన్ 30 గడువు. పాత తరహా నెట్‌వర్క్‌లలో మాత్రం ఈ సంతకం నిలవదు.

ఈ మోసం మనవాళ్లనూ వదల్లేదు. తమ నంబర్లనే చూపిస్తూ డబ్బు అడుగుతున్నారని వాషింగ్టన్‌లోని భారత ఎంబసీ 2018లో హెచ్చరించింది. వీసా పేరెత్తితేనే టెన్షన్ పడే తెలుగు విద్యార్థి, తెరపై ఎంబసీ నంబర్ చూసి ఎలా అనుమానిస్తాడు?

మన 2023 టెలికాం చట్టంలో ఇలాంటి నేరానికి మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. విదేశాల నుంచి భారతీయ నంబర్లతో వచ్చే దొంగ కాల్స్‌ను ఆపే వ్యవస్థను 2024 అక్టోబరులో ప్రారంభిస్తే, 24 గంటల్లోనే 1.35 కోట్ల కాల్స్ దొరికాయి. శిక్షలతో ఇన్నింటిని ఆపగలమా? ఏ కంపెనీ గేట్‌వే (విదేశీ కాల్స్ దేశంలోకి వచ్చే ద్వారం) గుండా ఇవి ఎన్నెన్ని వస్తున్నాయో టెలికాం శాఖ పేర్లతో సహా నెలనెలా ప్రకటించాలి. పదేపదే దొరికిన కంపెనీ నుంచే జరిమానా వసూలు చేయాలి. దాని ఆఫీసు, లైసెన్సు ఇక్కడే ఉంటాయి.