మూడేళ్ల ఒప్పందంతో ముప్పై ఏళ్ల ప్రశ్నకు జవాబా?

వాతావరణ మార్పును తట్టుకోవడానికి తీరం వెంబడి కట్టిన రక్షణ గోడ మంచి చేసిందో చెడు చేసిందో తేలాలంటే ఏళ్లు పడుతుంది. పెద్ద తుపానులు రావాలి, కోత పక్క ఊళ్ల మీదికి మళ్లిందేమో చూడాలి, గోడ ఉందన్న ధీమాతో దాని వెనుక ఇంకెన్ని ఇళ్లు లేచాయో లెక్క తీయాలి. ఇంత పనినీ మనం రెండు మూడేళ్ల ఒప్పందం మీద ఉన్న యువ పరిశోధకుల నెత్తిన పెడుతున్నాం. నిధుల కొరత గురించి అందరూ మాట్లాడుతున్నదే. అసలు రోగం గడువులో ఉంది.

మొదటి ఏడాది అనుమతులకూ, రైతుల, మత్స్యకారుల నమ్మకం సంపాదించడానికీ సరిపోతుంది. రెండో ఏడాది సమాచార సేకరణ. మూడో ఏడాది తరువాతి ఉద్యోగం వేట. పరిశోధకురాలు వెళ్లిపోతే ఆ నమ్మకమూ ఆమె వెంటే పోతుంది. అందుకే తెలివైనవాళ్లు గడువులో ముగిసే ప్రశ్నలే ఎంచుకుంటారు: ముప్పు సూచీలు, అభిప్రాయ సర్వేలు, ప్రణాళికల సమీక్షలు. అనుకూలన చర్యలు, అంటే వాతావరణ మార్పును తట్టుకునేందుకు చేపట్టే పనులు, అమలు కన్నా ప్రణాళికల మీదే ఎక్కువ దృష్టి పెడుతున్నాయనీ, బెడిసికొట్టినవాటికి ఆధారాలు పెరుగుతున్నాయనీ వాతావరణ మార్పుపై ఐక్యరాజ్య సమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ 2022 ఫిబ్రవరి నివేదిక చెప్పింది. ఏది ఎందుకు బెడిసికొట్టిందో పదేళ్ల తరువాత వెళ్లి చూసేదెవరు? ఆ పనికి కొలువే లేదు. ఐపీసీసీ నివేదికలు రాసేవారికి ఆ సంస్థ జీతమివ్వదు. స్థిరమైన కుర్చీ ఉన్న ప్రొఫెసరుకు ఆ రాతపని గౌరవం, ఒప్పంద ఉద్యోగికి భారం.

చిన్న గడువులు జవాబుదారీతనాన్ని పెంచుతాయని, పోటీ లేకపోతే బద్ధకం పెరుగుతుందని నిధులిచ్చేవారు అంటారు. ప్రయోగశాల పరికరం విషయంలో ఈ వాదన నిలబడవచ్చు. కరవు మాత్రం ప్రాజెక్టు గడువు చూసుకుని రాదు.

ఓపికగా కొలవడాన్ని శాస్త్ర ప్రపంచం ఏనాడూ గౌరవించలేదన్నది నా పాత ఫిర్యాదు. అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ కీలింగ్ 1958లో హవాయిలోని మౌనా లోవాలో మొదలుపెట్టిన కార్బన్ డయాక్సైడ్ కొలతలు 1964లో బడ్జెట్ కోతతో కొన్నాళ్లు ఆగిపోయాయి. గాలిలో ఆ వాయువు ఎలా పెరుగుతోందో చెప్పడానికి నేడు ప్రపంచమంతా చూపించే రేఖ ఆ కొలతలదే! వ్యాసం అచ్చయిన పరిశోధన పత్రిక పేరు చూసి పరిశోధకుల విలువ కట్టవద్దని 2012లోనే శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన రూపుదిద్దుకుంది. సంతకాలు చేసిన సంస్థలు ఎన్నో ఉన్నా, నియామకాల్లో ఇప్పటికీ వ్యాసాల లెక్కే రాజ్యమేలుతోంది.

ప్రతి అనుకూలన ప్రాజెక్టు నిధుల్లో కొంత భాగాన్ని అయిదేళ్లకు, పదేళ్లకు జరగాల్సిన తిరుగు పరిశీలన కోసం ముందే పక్కన పెట్టాలి. ఆ సొమ్ముతో కొత్త సలహాదారులను పిలవడం కాదు, మొదటిసారి ఆ ఊళ్లలో తిరిగినవారికే దీర్ఘకాలిక కొలువు ఇవ్వాలి. చర్య విఫలమైందని వారు తేల్చినా ఆ నివేదికను నియామక సంఘాలు వ్యాసంతో సమానంగా లెక్కించాలి.