సెట్‌బ్యాక్ కొలిచే కళ్లకు వైరు కనపడదా?

వాన పడితే చాలు, దండెం మీద తడి బట్టలు ఆరేస్తుంటే కరెంటు కొట్టి ఇల్లాలు చనిపోయిందన్న వార్త వస్తుంది. విడిపించబోయిన భర్తో కొడుకో కూడా పోయాడని రెండో పేరాలో ఉంటుంది. ఊరి పేరు ఒక్కటే మారుతుంది. నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా ఆ తర్వాత జరిగేది ఒకటే: కేసు, పోస్టుమార్టం, పరామర్శ. ఆ ఇంటి వైరింగ్‌ను చూసి బాగుందని సంతకం పెట్టిందెవరని మాత్రం ఎవరూ అడగరు.

అడిగితే ‘మా పరిధి కాదు’ అంటారు. టౌన్ ప్లానింగ్ వాళ్లు గోడల వరకే అంటారు. లైన్‌మన్ మీటరు వరకే అంటాడు. విద్యుత్ తనిఖీ అధికారులు పెద్ద భవనాలనే చూస్తారట. మీటరు నుంచి దండెం దాకా ఉన్న ఆ కాస్త దూరం ఎవరి పరిధిలోనూ లేదన్నమాట. మనుషులు పోతున్నది అక్కడే.

తెలంగాణలో 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టంతో ఇంటి అనుమతులు సులువయ్యాయి. 75 గజాల లోపు జాగాకు రూపాయి కట్టి నమోదు చేసుకుంటే సరిపోతుంది. సామాన్యుడికి మేలే, కాదనం. కానీ తర్వాత తనిఖీకి వచ్చే ఉద్యోగి సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా, వదిలారా, మెట్లు అడుగు ముందుకొచ్చాయా, సజ్జ రోడ్డు మీదికి దిగిందా అని టేపు పట్టి మరీ చూస్తాడు. నోటీసు కూడా ఇస్తాడు. అదే గోడకు వేలాడుతున్న అతుకుల వైరును దాటుకుని వెళ్లిపోతాడు.

కనెక్షన్ కోసం పెట్టే టెస్ట్ రిపోర్టు సంగతి ఇంకా ఘోరం. లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే వైరింగ్ పరీక్షించి సంతకం చేయాలి. చాలా చోట్ల పని చేసేది ఒకరు, సంతకం ఇంకొకరిది. సంతకం పెట్టినాయన ఆ వాకిలి తొక్కి ఉండడు.

సిబ్బంది తక్కువని, ఇండ్లల్లోకి పంపితే మామూళ్లు పెరుగుతాయని అనేవాళ్లున్నారు. నిజమే కావచ్చు. సెట్‌బ్యాక్ కొలవడానికి దొరికిన మనిషి వైరు చూడటానికి ఎందుకు దొరకడో కూడా వాళ్లే చెప్పాలి.

చూడాల్సింది కొండంత ఏమీ లేదు. లీకైన కరెంటును నేలలోకి పంపే ఎర్త్ ఉందా లేదా? మన దిక్కు బండ నేల, ఎర్త్ పైపు లోతుకు దిగదు. దిగినా ఎండాకాలం గుంత ఎండిపోతే ఉన్నా లేనట్టే. బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోయాలి. ఆ బాధ పడలేక ఎర్త్‌కు పోవాల్సిన ఆకుపచ్చ వైరును నల్లా పైపుకు చుట్టేస్తారు, లేదంటే కత్తిరించి వదిలేస్తారు. ఆ ఇంట్లోనే ఇనుప కూలర్, బోరు మోటారు నడుస్తుంటాయి. బోర్డులో ఎంసీబీ అనే బ్రేకరు ఉంది కదా అని ధీమా. అది లోడు ఎక్కువైతేనో షార్ట్ అయితేనో పడుతుంది. ఆరు ఆంపియర్ల ఎంసీబీ పడేలోపు ఆంపియరులో పదో వంతు కరెంటుకే ప్రాణం పోవచ్చు. 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే చాలు, కరెంటు ఆపేసేది ఆర్‌సీసీబీ. రెండు మూడు వేలకు దొరుకుతుంది. గేటుకు స్టీలు డిజైన్ పెట్టించే ఇంట్లోనూ అది ఉండదు.

ఇందిరమ్మ ఇండ్లనే తీసుకోండి. ఐదు లక్షలు దశలవారీగా ఇస్తున్నారు. బేస్‌మెంట్‌కు ఫొటో, గోడలకు ఫొటో, స్లాబుకు ఫొటో. మెయిన్ బోర్డుకు, ఎర్త్ గుంతకు ఫొటో అడిగితే పోయేదేముంది? సర్కారు సొమ్ముతో కట్టే ఇంటికే చూడనివాళ్లు పాత బస్తీల్లోని అద్దె పోర్షన్లకు చూస్తారా?

2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయినప్పుడు అధికారులు మొదట చెప్పిన మాట షార్ట్ సర్క్యూటే. ఆ మాట చెప్పడానికి మాత్రం ఎవరికీ పరిధి అడ్డురాలేదు.

కమిషనర్లూ, ఇంజినీర్లూ, పరిధుల పంచాయితీ మీలో మీరు తేల్చుకోండి. వైరింగ్ చూడకుండా, ఇంట్లో చేరొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ కాగితం మీద, టెస్ట్ రిపోర్టు మీద సంతకాలు పెట్టడం ఈ వానాకాలం నుంచే ఆపండి. ముందుగా మీ ఆఫీసు మెయిన్ బోర్డు మూత తీసి, ఆకుపచ్చ వైరు ఎక్కడిదాకా పోయిందో చూసి రండి.