విభూదితో తోమిన అగ్నిపర్వతం

నిన్న వరలక్ష్మీ వ్రతానికి పూజ పళ్లెంలో వెండి నాణెం కావలసి వచ్చి, బెజవాడ నుంచి మా న్యూజెర్సీ ఇంటికి వచ్చి ఉన్న మా వదినగారు నా బీరువా తెరిచారు. 2012 నాటి హవాయి అగ్నిపర్వతాల జాతీయ ఉద్యానవనం నాణేన్ని ప్లాస్టిక్ డబ్బీలోంచి ఊడదీసి, విభూది అద్ది, పాత పంచె ముక్కతో తళతళలాడేదాకా తోమి అమ్మవారి ముందు పెట్టారు. పైగా "ఎంత మసకబారిపోయిందయ్యా, వెండిని ఇలాగేనా ఉంచుకునేది?" అని చీవాట్లు నాకే.

ఆ మసకకే నేను డబ్బు పెట్టానని ఇంటిల్లిపాదిలో ఒక్కరికైనా అర్థమైతే ఒట్టు. అమెరికాలోని ఉద్యానవనాలు, చారిత్రక స్థలాల పేరిట, అయిదు ఔన్సుల వెండితో, మూడంగుళాల అడ్డకొలతతో వచ్చిన ఈ నాణేల వరుసను అమెరికా టంకశాల రెండు రకాలుగా చేసింది. మదుపు కోసం కొనేవారికి మెరిసే రకం. సేకరించేవారికి ఫిలడెల్ఫియా టంకశాల గుర్తుగా "పి" అక్షరం ముద్రించి, నీటి తుంపరలో కలిపిన సన్నని సెరామిక్ రేణువులను ఒత్తిడితో కొట్టి, పైభాగమంతా మెరుపు చంపిన రకం. నాది రెండోది. కిలావేయా అగ్నిపర్వతం తూర్పు పగులు నుంచి లావా ఎగజిమ్మే ఆ బొమ్మను ఇప్పుడు దీపం దగ్గర వంచి చూస్తే, లావా మీదుగా గుండ్రంగా తిరిగిన గుడ్డ గీతలే కనిపిస్తున్నాయి.

మా అన్నయ్యగారి తీర్పు ఇంకా ఘనం: "తోమితే వెండి ఎక్కడికి పోయిందిరా? అయినా దాని మీద క్వార్టర్ డాలర్ అని రాసి ఉంది, పావలా కోసం పండగపూట ఈ గొడవేమిటి?" నిజమే, 155 గ్రాముల వెండి మీద పావు డాలరు అని చట్టప్రకారమే ముద్రించారు. ఆ లెక్కన పాత పట్టుచీరలు కొనుక్కుపోయి, తగలబెట్టి జరీ తూకం వేసుకునేవాడే మన దేశంలో అసలైన కళాపోషకుడు.

ఇంతకీ వదినగారి చెయ్యి హవాయి మీదే ఎందుకు పడిందంటే, పైన ఉన్నది 2020 నాటి అమెరికన్ సమోవా నాణెం. దాని మీద పిల్లను పొదువుకున్న పండ్ల గబ్బిలం ఉంటుంది. ఇంట్లో గబ్బిలమేమిటి, అరిష్టమని ఆవిడ దాన్ని పక్కకు నెట్టారు. యాభై ఆరు నాణేల వరుసలో తన్ను తాను కాపాడుకోగలిగింది ఆ గబ్బిలం ఒక్కటే.

వదినగారికి తెలియదు, పోనివ్వండి. అన్నీ తెలిసినవారు చేసినదే నాకు ఇప్పటికీ మంట. 2010లో ఈ వరుస మొదలైనప్పుడు హాట్ స్ప్రింగ్స్, ఎల్లోస్టోన్, యోసెమిటీ, గ్రాండ్ కాన్యన్, మౌంట్ హుడ్ మదుపు నాణేలను ఒక్కొక్కటి 33,000 మాత్రమే కొట్టారు. టంకశాల వాటిని మనకు నేరుగా అమ్మేది కాదు, టోకు వర్తకులకిచ్చేది. ఆ డిసెంబరులో ధరలు ఎంతగా ఎగదోశారంటే, టంకశాలే అమ్మకం ఆపి, లాభం పది శాతం దాటరాదని, ఇంటికి ఒక్కో రకం ఒక్కటే ఇవ్వాలని షరతు పెట్టవలసి వచ్చింది. షరతు వచ్చిందని సంబరపడి నేను ఫోన్ చేసిన దుకాణదారు, సరుకు అప్పటికే అయిపోయిందని ఎంతో మర్యాదగా చెప్పి, కొన్నాళ్లకు అదే ఎల్లోస్టోన్‌ను రెట్టింపు ధరకు బల్ల మీద పెట్టాడు. ఈ ఉదయం తోమిన నాణెం చూపిద్దామని వెళ్తే, ఆ మహానుభావుడే దాన్ని తక్కెడలో పడేసి, "క్లీన్ చేసిన కాయిన్, వెండి ధరే ఇస్తా" అన్నాడు. మా అన్నయ్యగారూ ఇతనూ ఎన్నడూ కలుసుకోలేదు మరి.

తిరిగి తెచ్చి దేవుడి అరలో పెట్టాను. దీపావళికి మిగతావి కూడా బయట పెట్టి ఉంచమని, గబ్బిలం తప్ప, వదినగారు ఇప్పుడే చెప్పి వెళ్లారు.