గని మూసినా ఆగని ఆమ్లం

మేఘాలయలోని జైంతియా కొండల్లో ఎలుక బొరియల్లాంటి సొరంగాలు తవ్వి బొగ్గు తీయడాన్ని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2014 ఏప్రిల్‌లో నిషేధించింది. తవ్వకాలు దొంగచాటుగా సాగుతూనే ఉన్నాయని 2018 డిసెంబరులో క్సాన్ గనిలోకి నీరు పోటెత్తి కూలీలు చిక్కుకుపోయినప్పుడు దేశమంతా చూసింది. అప్పటి నుంచి చర్చంతా అక్రమ తవ్వకాల చుట్టూనే తిరుగుతోంది. రేపటి నుంచి అక్కడ ఒక్క పలుగు దెబ్బ పడకపోయినా ఆ వాగుల నీరు వెంటనే బాగుపడదన్న సంగతి మాత్రం అంతగా చర్చకు రావడం లేదు.

కారణం ఆ బొగ్గులోనే ఉంది. ఈశాన్య రాష్ట్రాల బొగ్గులో గంధకం పాలు ఎక్కువ. అందులో కొంత ఇనుముతో కలిసి పైరైట్ రూపంలో ఉంటుంది. నేల పొరల్లో గాలి సోకకుండా ఉన్నంతకాలం దానితో పేచీ లేదు. తవ్వకంతో గాలీ నీరూ తగిలాక గంధకామ్లం పుడుతుంది, కొన్ని రకాల బ్యాక్టీరియా ఆ చర్యను వేగిరపరుస్తాయి, ఆ ఆమ్లం రాతిలోని లోహాలను కరిగించి ప్రతి వానకూ వాగులోకి దించుతుంది. వదిలేసిన గుంతలోనూ ఇది ఆగదు. నీటి ఆమ్లతను కొలిచే పీహెచ్ 7 నుంచి 3కు పడిపోవడమంటే ఆమ్లత పదివేల రెట్లు పెరగడమే. అలాంటి నీటిలో చేపలు బతకవు. చేపల మాట అటుంచితే, దిగువన అస్సాంలోని కోపిలి జలవిద్యుత్ కేంద్రంలో ఉక్కు యంత్ర భాగాలనే ఆ నీరు తినేసింది.

సింగరేణి బొగ్గులో గంధకం తక్కువ కనుక తెలంగాణకు బెంగ లేదనుకోవడం సగం నిజమే. అక్కడి సమస్య వేరు. ఓపెన్‌కాస్ట్ గని, అంటే పైనుంచే నేలను తెరిచి తవ్వే గని, ఊరి బావుల కంటే లోతుకు దిగినప్పుడు, అందులోకి ఊరే నీటిని రాత్రింబవళ్లు తోడిపోయక తప్పదు, ఆ మేరకు చుట్టుపక్కల భూగర్భ జలమట్టం పడిపోతుంది. బొగ్గు పొర మీది నుంచి తొలగించి పోసిన ఓబీ (ఓవర్‌బర్డెన్) మట్టి గుట్టల నుంచి వానకు కొట్టుకొచ్చే బురద వాగులను పూడుస్తుంది.

గని మూసివేత ఖర్చును ముందుగానే ఎస్క్రో ఖాతాలో (ఆ పనికి తప్ప తీయడానికి వీల్లేని ఖాతాలో) జమచేయాలని కేంద్ర బొగ్గు శాఖ 2009లోనే నిర్దేశించింది. ప్రణాళికే లేకుండా సొంత భూముల్లో తవ్వుకుపోయిన జైంతియాలో అలాంటి ఖాతా ఊసే లేదు. సుప్రీంకోర్టు 2019 జులై తీర్పుతో అక్కడ చట్టబద్ధమైన లీజులకు దారి ఏర్పడింది. ఆ లీజుల్లో ఆమ్లజలాల శుద్ధికయ్యే ఖర్చును టన్నుకు ఇంతని లెక్కగట్టి ముందే వసూలు చేయాలి. పాత గుంతలు పూడ్చే భారం మాత్రం రాష్ట్ర ఖజానాయే మోయక తప్పదు.