కాలి వేలు తీస్తే కుంటివాళ్ళు కారు

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు తొమ్మిదిసార్లు వచ్చింది. "చేతి బొటనవేలు పోతే కాలి వేలు కోసి అతికిస్తారు, జాగ్రత్త! కాలు జన్మలో పనికిరాదు. పరాయి వేలు చేతిలో కుళ్ళిపోతుంది. అతుక్కున్నా స్పర్శ రాదు. మెట్టెల వేలు తీస్తే అరిష్టం." పంపినవాళ్ళంతా నా వాళ్ళే. నేను శ్రీకాకుళంలో ఫిజియోథెరపీ చేస్తాను. చెరకు రసం మిషన్లో కుడిచేతి బొటనవేలు పోగొట్టుకున్న నరసన్నపేట కుర్రాడొకడు ఆపరేషన్‌కి ఒప్పుకుని, ఇది చదివి వెనక్కి తగ్గాడు. నా కోపం అందుకే.

పరాయి వేలేమిటి? తన కాలిదే కదా! కిడ్నీ మార్పిడిలోలా శరీరం కాదనే భయం లేదు. ఒకటి రెండు మిల్లీమీటర్ల రక్తనాళాలు కలుపుతారు కాబట్టి మొదటి కొన్ని రోజులు వాటిలో గడ్డ కట్టకుండా చూసుకోవాలి. బీడీ, చుట్ట ముట్టకూడదు. మన అడ్డచుట్టకీ మినహాయింపు లేదు.

స్పర్శ? నరాలు కూడా కలుపుతారు. అవి రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతాయి. నెలలు ఓపిక పట్టాలి.

మెట్టె పక్క వేలికి పెట్టుకోవచ్చు. అన్నం ముద్ద కలపలేక, జడ వేసుకోలేక ఉన్న ఆడమనిషి దగ్గర అరిష్టం మాట ఎత్తడానికి మీకు మనసెలా ఒప్పింది?

ఇక కాలు. అసలు విషం ఇక్కడుంది. నడిచేటప్పుడు బరువు మడమ మీద పడి, పాదం బయటి అంచు మీదుగా ముందుకొచ్చి, చివర్లో బొటనవేలి మొదట్లోని బొడిపె మీద నుంచి వేలికి చేరుతుంది. ఆ బొడిపెని సర్జన్లు ముట్టుకోరు. బొటనవేలు తీసినా వీలైతే దాని మొదటి ఎముకలో కొంత పాదానికే వదిలేస్తారు. 1966లో షాంఘైలో రెండో వేలిని, 1968లో ఇంగ్లండ్‌లో జాన్ కాబెట్ కాలి బొటనవేలిని చేతికి పెట్టారు. 1980లో ఆస్ట్రేలియా సర్జన్ వేన్ మారిసన్ ఇంకో దారి చూపించారు. బొటనవేలి చర్మం, గోరు, చివరి ఎముకలో చిన్న ముక్క తీసుకుని మిగతా వేలిని కాలికే ఉంచారు. పాదం సంగతి ఎవరికీ పట్టలేదంటారా? ఇన్నేళ్ళ పనిలో సగం జరిగింది పాదాన్ని కాపాడటం కోసమే!

రెండో వేలు తీసి సందు మూసేస్తే పాదం కొంచెం సన్నబడుతుంది, నడకలో తేడా కనిపెట్టడం కష్టం. బొటనవేలు మొత్తం తీస్తే బరువు పక్క వేళ్ళ మొదళ్ళకి జరుగుతుంది. అక్కడ ఆనెకాయ రావచ్చు, పరుగులో తోపు తగ్గవచ్చు. కానీ కుంటివాళ్ళయిపోరు. చేతి పనిలో సుమారు 40 శాతం బొటనవేలిదే అంటారు. ఆ లెక్క పక్కన పెట్టి కాలి లెక్క ఒక్కటే చెప్పడం మోసం.

ఒక్క విషయంలో మాత్రం మెసేజ్ పక్షాన నిలబడతాను. "కాలికేమీ కాదు" అని ఒక్క ముక్కలో తేల్చేసే డాక్టర్లూ ఉన్నారు. అదీ తప్పే. అరికాలి దగ్గర కుట్లు మానడం ఆలస్యం కావచ్చు, చర్మం అతికించిన చోట పగుళ్ళు రావచ్చు, చలికి సలుపు రావచ్చు. షుగర్ ఉన్నవాళ్ళకి ఇంకా జాగ్రత్త కావాలి. ఆఫీసులో బూట్లు వేసుకునేవాడి పాదమూ, ఉద్దానంలో వట్టికాళ్ళతో కొబ్బరిచెట్టు ఎక్కేవాడి పాదమూ ఒకటి కాదు. చెట్టెక్కేవాడికి కాలి బొటనవేలే పట్టు. అలాంటివాళ్ళు తమ పనేమిటో సర్జన్‌కి ముందే చెప్పాలి. రెండో వేలు సరిపోతుందా, చూపుడు వేలినే బొటనవేలి చోటుకి జరపవచ్చా అని అడగాలి.

మా కుర్రాడు చెట్లెక్కడు. రోజంతా బండి దగ్గర నిలబడి గ్లాసులు అందిస్తాడు. ఇప్పుడు ఆ గ్లాసుని రెండు చేతులతో పట్టుకుంటున్నాడు. సోమవారం వాళ్ళమ్మతో కలిసి వస్తానన్నాడు. ఈలోగా ఆ మెసేజ్ ఆమె ఫోన్‌కి పంపకండి, దండం పెడతాను.