సవరణ: గిట్‌హబ్‌లో పాస్‌వర్డ్ ఆగింది ఎక్కడ?

గిట్‌హబ్ అంటే ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైట్. "2021 ఆగస్టు 13 నుంచి గిట్‌హబ్‌లో పాస్‌వర్డ్ చెల్లదు" అన్న ముందటి పోస్టులోని వాక్యాన్ని ఇలా మార్చి చదువుకోండి. ఆ రోజున పాస్‌వర్డ్ ఆగింది హెచ్‌టీటీపీఎస్ (https:// చిరునామా) మీద చేసే గిట్ పనులకు, అంటే కోడ్ పంపడం, తెచ్చుకోవడం లాంటివాటికి మాత్రమే. ఏపీఐకి (ప్రోగ్రాములు గిట్‌హబ్‌తో మాట్లాడే దారికి) అంతకుముందే, 2020 నవంబర్ 13న ఆపేశారు. వెబ్‌సైట్ లాగిన్‌కు పాస్‌వర్డ్ నడుస్తుంది. పాస్‌వర్డ్‌కు బదులు ఎస్‌ఎస్‌హెచ్ కీ (కంప్యూటర్‌లో దాచుకునే తాళంచెవి లాంటి ఫైలు) వాడేవాళ్లకు టెన్షనే లేదు.

పాస్‌వర్డ్ ఆగినచోట దాని బదులు టోకెన్ (గిట్‌హబ్ ఇచ్చే రహస్య అక్షరాల వరుస) వాడాలి. ఇతరులు వాడే థర్డ్ పార్టీ యాప్ రాసేవాళ్లు ఓఆథ్ (పాస్‌వర్డ్ చెప్పకుండానే యాప్‌కు అనుమతి ఇచ్చే పద్ధతి) ద్వారా టోకెన్ తీసుకోవాలి. సొంత స్క్రిప్టుకైతే పర్సనల్ యాక్సెస్ టోకెన్ (మన ఖాతాలో మనమే తయారుచేసుకునేది) చాలు. విచిత్రమేమిటంటే టర్మినల్ (కమాండ్లు టైప్ చేసే కిటికీ) ఇప్పటికీ 'పాస్‌వర్డ్' అనే అడుగుతుంది. అక్కడ టోకెన్‌నే పేస్ట్ చేయాలి. తెర మీద ఏమీ కనబడదు, కంగారు పడొద్దు. అయినా పాస్‌వర్డ్ చెల్లదన్న ఎర్రరే వస్తుంటే, విండోస్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ (లాగిన్ వివరాలు దాచే చోటు) తెరిచి, అందులో దాగిన పాత పాస్‌వర్డ్ తీసేయండి.